సొంత ఇల్లు, ఉమ్మడి బాట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు హెచ్చరించిరి గాని, ఇల్లు కొని చూడుమని ఎవ్వరును అనలేదు. కట్టించుటలోని తిప్పలు కట్టిన ఇంటిని కొనుటలో ఉండవని వారి అభిప్రాయము కావచ్చును. సొమ్ము చెల్లించి, దస్తావేజు రిజిస్టరు చేయించుకొని, తాళపుచెవి పుచ్చుకొన్న పిమ్మట ఆ ఇంటిపై అన్యులకు హక్కేదియు మిగులదని మన నమ్మకము. పురపాలక సంఘమునకు కట్టు పన్ను తప్ప వేరొక బాకీ ఉండదని మన ధైర్యము.

ఇంగ్లండు దేశమున ఈ ధైర్యము ఇటీవలి దశాబ్దములలో బాగుగా సడలినది. అచ్చట క్రొత్తగా వెలయుచున్న గృహసముదాయములలో ఇల్లు కొన్నవారు, కౌలుహక్కుతో గాక సంపూర్ణ స్వామ్యముతో, అనగా ఆ దేశమువారు ఫ్రీహోల్డు అని పిలుచు హక్కుతో కొన్నవారు సైతము, ఏటేట ఒక నిర్వహణ రుసుము చెల్లింపవలసి వచ్చుచున్నది. వీథిని బాగుచేయుటకు, పచ్చిక కోయుటకు, వాననీటి మడుగును శుభ్రపరచుటకు, పిల్లల ఆటస్థలమును కాపాడుటకు ఈ సొమ్ము. దీనిని వసూలు చేయునది పురపాలక సంఘము కాదు. ఒక ప్రైవేటు కంపెనీ. ఇంగ్లండులో ఉద్యోగములు చేయుచు అచ్చటనే ఇండ్లు కొనుక్కొన్న మన తెలుగు కుటుంబములకును ఇది తెలియవలసిన సంగతియే. ఫ్రీహోల్డు అను మాటను అచ్చటి జనులు వెక్కిరింతగా ఫ్లీస్‌హోల్డు అని మార్చి పలుకుదురు. ఫ్లీస్ అనగా గొఱ్ఱె ఉన్ని. ఏడాదికొక తూరి గొఱ్ఱెను గొరిగినట్లు ఇంటివానిని గొరుగుదురని ఆ మాటలోని ఎత్తిపొడుపు.

నాది అని కొనుక్కొన్న ఇంటిపై ఈ కట్టుబడి ఎట్లు వచ్చి పడినది? ఇది నేటి గృహనిర్మాతలు కొత్తగా కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. దీని వేళ్లు 700 సంవత్సరములకు పైబడిన చరిత్రలో ఉన్నవి. ఆ చరిత్రను తెలిసికొన్నచో, రుసుములోని న్యాయమెంత, అన్యాయమెంత అను విచక్షణకు మనకు వీలు కలుగును.

ముందుగా ఒక మాటను విడదీసి చెప్పవలసి యున్నది. ఎస్టేటు అనినంతనే మన ప్రాంతమున జమీందారీలు జ్ఞప్తికి వచ్చును. 1948 నాటి మద్రాసు చట్టము రద్దుచేసినది అట్టి ఎస్టేటులనే. ఇంగ్లండు వాడుకలో ఎస్టేటు అనగా ఒక జమీందారుని భూమి కావచ్చును, ఒకే నిర్మాత ఒక్కుమ్మడిగా కట్టిన ఇండ్ల సముదాయమును కావచ్చును. ఈ ప్రసంగములో మనము వాడునది రెండవ అర్థమున. ఐనను, జమీందారీ వాసన ఈ రెండవ అర్థమునుండి పూర్తిగా పోలేదని మున్ముందు తేటపడగలదు.

13వ శతాబ్దమున ఇంగ్లండులో భూమిని అమ్మువాడు, అమ్మిన పిదప కూడ దానిపై దొరగానే నిలిచి యుండగలిగెడివాడు. కొనినవాడు అతనికి లోబడిన రైతువంటివాడై, ఏటేట శిస్తో సేవయో సమర్పించుకొనుచుండెను. ఆ కొనినవాడు మరియొకనికి అమ్మినచో వానికి తాను దొర యగును. ఇట్లు ఒక పొలముపై మెట్లు మెట్లుగా దొరలు వెలసిరి. క్రింది మెట్లు పెరిగినకొలది పైనున్న పెద్ద ప్రభువుల రాబడికి నష్టము కలుగసాగెను. ఒకటవ ఎడ్వర్డు రాజు కాలమున, 1290లో, దీనిని అరికట్టుటకు ఒక చట్టము చేసిరి. లాటిను భాషలోని దాని మొదటి రెండు మాటలను బట్టి దానికి క్వియా ఎంప్టోరెస్ అని పేరు. ఇకమీదట భూమిని అమ్మినవాడు పూర్తిగా తొలగిపోవలెను; కొనినవాడు అతని స్థానమున నిలువవలెను; నడుమ కొత్త దొరతనము పుట్టరాదు. ఇది ఆ చట్టము సారాంశము.

నేటి ఫ్రీహోల్డు భావనకు మూలస్తంభములలో ఇది యొకటి. కాని చట్టము ఒక ద్వారమును మూసినప్పుడు వ్యవహారము ఇంకొక దారి వెదకుకొనును. దొరతనము పోయినను, అమ్మునప్పుడే దస్తావేజులో వ్రాసికొని, ఇంత సొమ్ము ఏటేట ఈ భూమినుండి నాకు రావలెనని భూమిపైననే భారము మోపుటకు అడ్డు లేకపోయెను. చెల్లింపనిచో భూమిమీది సొత్తును జప్తు చేయు హక్కును గూడ అందులోనే వ్రాసికొనెడివారు. దీనినే రెంట్‌చార్జి అందురు. మన ఇనాము భూములపై ఉండిన జోడి అను స్వల్పపు కట్టుబడితో దీనిని కొంతవరకు పోల్చవచ్చును. భూమి ఇనాముదారునిదే; ఐనను జోడి తప్పదు. భేదమేమనగా, జోడి సర్కారునకు గాని జమీందారునకు గాని చేరెడిది. ఇంగ్లండులోని రెంట్‌చార్జి ఎవ్వరికైనను చేరవచ్చును. దానిని వేరుగా అమ్ముకొనవచ్చును, వారసులకు వ్రాయవచ్చును.

18, 19 శతాబ్దములలో మాంచెస్టరు పరిసరములలోను, బ్రిస్టలు, బాత్ నగరములలోను ఈ పద్ధతి విస్తారముగా నడచెను. భూస్వాములు ఇండ్లస్థలములను రొక్కమునకు అమ్ముటకు బదులు, శాశ్వతముగా ఏటేట రావలసిన సొమ్మునకు అమ్మిరి. మాంచెస్టరువారు దానిని చీఫ్ రెంటు అనిరి. ఆ మొత్తము ఎన్నటికిని మారనిది. నాడు గౌరవప్రదముగా ఉండిన ఆదాయము, ధరలు పెరిగిన కొలది ఏడాదికి కొద్ది పౌనుల చిల్లరగా మిగిలెను. ఈ విషయమును గుర్తుంచుకొందము. పాత కట్టుబడి మొత్తము స్థిరమైనది. నేటి రుసుము అట్లు కాదు.

ఇక నిర్వహణ సంగతి. ఇండ్ల నడుమ అందరికి ఉమ్మడిగా ఒక తోటయో బాటయో ఉన్నప్పుడు దానిని సాకువారెవరు అను ప్రశ్న లండను నగరమున 18వ శతాబ్దముననే తలయెత్తినది. సెయింట్ జేమ్సు స్క్వేరులోని నివాసులు 1726లో పార్లమెంటుచేత ప్రత్యేకముగా ఒక చట్టము చేయించుకొనిరి. తమ చౌకమును శుభ్రపరచి అలంకరించుటకు తమపై తామే పన్ను వేసికొను అధికారము దానివలన వారికి లభించెను. చెల్లించువారే నిర్ణయించువారు గనుక ఈ యేర్పాటు బాగున్నది. కాని చౌకమునకొక పార్లమెంటు చట్టము చేయించుట ధనికులకే సాధ్యము. సామాన్యులకు మిగిలినది దస్తావేజులోని ఒడంబడిక మాత్రమే.

ఆ ఒడంబడిక బలమెంతయో లెస్టరు స్క్వేరు కథ తెలుపును. అచ్చటి తోటకు యజమానియైన టల్కు అనునతడు 1808లో దానిని అమ్మెను. చుట్టునున్న ఇండ్లు కొన్ని అతనివే. కావున, తోటను ఎల్లప్పుడు అందముగా ఉంచవలెననియు, అందు కట్టడములు లేపరాదనియు కొనినవానిచేత మాట పుచ్చుకొనెను. చేతులు మారి మారి ఆ తోట మాక్సే అనునతనికి వచ్చెను. ఆ ఒడంబడిక సంగతి తెలిసియే అతడు కొనెను. ఐనను ఆ మాట యిచ్చినది తాను కాదు గదా అని, కట్టడములు లేపుటకు సిద్ధపడెను. 1848లో లార్డు కాటన్‌హాము తీర్పు చెప్పుచు, షరతు తెలిసి కొన్నవాడు దానిని త్రోసిపుచ్చరాదని అతనిని ఆపెను. ఆంగ్ల న్యాయశాస్త్రమున ఇది సుప్రసిద్ధమైన తీర్పు.

న్యాయశాస్త్ర గ్రంథములు సాధారణముగా ఇచ్చటనే ఆగును. తోట కథ ఆగలేదు. 1851లో జేమ్సు వైల్డు అనునతడు అచ్చట బ్రహ్మాండమైన భూగోళ ప్రదర్శనశాల నొకదానిని నిలిపెను. 1862లో దానిని తొలగించిరి. పిదప ఆ స్థలము పాడుపడి నగరమునకు తలవంపుగా మారెను. కడకు 1874లో ఆల్బర్టు గ్రాంటు అను ధనికుడు దానిని కొని, తోటగా తీర్చి, ప్రజలకొరకు మెట్రొపాలిటన్ బోర్డు వశము చేసెను. దీనివలన తెలియునదేమి? ఇల్లు కట్టకుమని న్యాయస్థానము ఆపగలిగినది గాని, తోటకు నీరు పోయుమని ఎవ్వరిచేతను పోయింపలేకపోయినది. తోటను బ్రదికించినది ఒడంబడిక కాదు. ప్రజాసంస్థ దానిని స్వీకరించుట.

ఈ భేదమును న్యాయమూర్తులు తరువాత సిద్ధాంతముగానే స్థిరపరచిరి. 1885లో ఓల్డుహాము పట్టణపు వ్యాజ్యెము ఒకటి అప్పీలు కోర్టునకు వచ్చెను. ఒక బాటను నిర్మించి ఎల్లప్పుడు బాగుగా ఉంచుదుమని, సుంకము పుచ్చుకొని ప్రజలను నడువనిత్తుమని కొందరు ధర్మకర్తలు ప్రక్కభూమి యజమానికి మాట యిచ్చి యుండిరి. అటుపిమ్మట ఆ బాట ఓల్డుహాము కార్పొరేషను వశమైనది. వెనుకటివారి మాట కార్పొరేషనును బంధించునా అనునది ప్రశ్న. బంధింపదని న్యాయమూర్తులు తేల్చిరి. చేయకుము అను షరతు భూమి వెంట నడచును. చేయుము అనునది, అందును సొమ్ము ఖర్చుపెట్టి చేయుము అనునది, ఫ్రీహోల్డు భూమి వెంట నడువదు. మాట యిచ్చినవానితోనే దాని భారము నిలిచిపోవును.

ఈ సూత్రము ఇంటి యజమానికి అనుకూలమనియే పైకి తోచును. ఎవడో యిచ్చిన మాటకు నేనేల చెల్లింపవలెనని అతడు అనవచ్చును గదా. కాని ఉమ్మడి బాటకు దిక్కెవరు? ఆనాటికి దీనికి జవాబు సిద్ధముగానే ఉండెను. 1875 నాటి ప్రజారోగ్య చట్టము ప్రకారము, పట్టణ సంస్థ ప్రైవేటు వీథిని అందలి గృహస్థుల ఖర్చుతో ఒకసారి సరిగా వేయించి, ఆ మీదట దానిని తన వీథిగా స్వీకరింపవచ్చును. అటుపిమ్మట గుంత పడినను, దీపము ఆరినను సంస్థదే పూచీ. ఓల్డుహాము వ్యాజ్యెము పుట్టినది గూడ ఆ చట్టము క్రింద కార్పొరేషను ఖర్చులు అడిగినప్పుడే. 20వ శతాబ్దమున నిర్మాతలే వీథులను సక్రమముగా వేసి స్థానిక సంస్థల కప్పగించుట వాడుకయైనది. 1980 నాటి రహదారుల చట్టములోని 38వ సెక్షను ఇట్టి ఒప్పందములకు ఆధారము. ఈ దారి తెరచియున్నంతకాలము, చేయుము అను మాట భూమి వెంట నడచునా నడువదా అని సామాన్య గృహస్థుడు తలపోయవలసిన పని లేకుండెను.

ఆ దారి క్రమముగా ఇరుకైనది. 38వ సెక్షను ఒప్పందము ఇష్టముపై ఆధారపడినదే గాని, నిర్బంధము కాదు. ఆదాయము చాలని కౌన్సిలులు కొత్త వీథుల, కొత్త తోటల భారమును తలకెత్తుకొనుటకు వెనుకాడినవి. నిర్మాతలకును అందు లాభమే కనబడెను. అప్పగింపవలెనన్నచో కౌన్సిలు కోరిన ప్రమాణమున వీథి వేయవలెను. భావి నిర్వహణకై పెద్దమొత్తము ముందుగానే చెల్లింపవలసి రావచ్చును. అప్పగింపనిచో ఆ బాధ్యత కొనుగోలుదారుల మీదికి పోవును. ఇంతలో పచ్చిక బయళ్లు, వాననీటిని నిలువరించు మడుగులు ఉండవలెనని పట్టణ ప్రణాళికలు కోరజొచ్చినవి. ఆ నీటి యేర్పాట్లను స్థానిక సంస్థలు స్వీకరించునట్లు 2010 నాటి వరదల చట్టములో మూడవ షెడ్యూలు వ్రాసిరి. వేల్సులో అది 2019లో అమలునకు వచ్చెను. ఇంగ్లండులో మాత్రము నాడు దానిని అమలుపరుపలేదు. ఉమ్మడి ఆస్తులు పెరిగినవి. వానికి దిక్కైనవారు తరిగిరి.

అప్పుడు నిర్మాతల న్యాయవాదులు పాత ఆయుధశాలను వెదకిరి. తుప్పుపట్టిన రెంట్‌చార్జి అందు కనబడెను. దాని చరిత్రలో ఒక విచిత్రమున్నది. చిల్లర చీఫ్ రెంటుల బెడద తొలగింపవలెనని పార్లమెంటు 1977లో రెంట్‌చార్జీల చట్టము చేసెను. పాతవి చాలవరకు 60 సంవత్సరములలో, అనగా 2037 నాటికి అంతరింపవలెననియు, కొత్తవి పుట్టరాదనియు దాని శాసనము. కాని ఒక మినహాయింపును ఉంచిరి. చేయుము అను షరతు ఫ్రీహోల్డు వెంట నడువదు గనుక, ఉమ్మడి వసతుల నిర్వహణకై వేయు ఎస్టేటు రెంట్‌చార్జిని మాత్రము ఉండనిచ్చిరి. చేసిన పనికి తగిన న్యాయమైన మొత్తముగా అది ఉండవలెనని షరతు పెట్టిరి. ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము ఇట్లున్నది: ఎన్నటికిని పెరుగని కట్టుబడికి గడువు పెట్టిరి, ఏటేట పెరుగగల కట్టుబడికి తలుపు తెరచి యుంచిరి.

మూలసూత్రమునే మార్చవచ్చును గదా అని శ్రోతలు అడుగవచ్చును. ఆ సూచన చేయనివారు లేరు. లార్డు విల్బర్‌ఫోర్సు అధ్యక్షతనున్న సంఘము 1965లో అదే చెప్పెను. లా కమిషను 1984లో ఒక తూరి, 2011లో ఇంకొక తూరి చెప్పెను. నడుమ 1994లో ప్రభువుల సభ ముందునకు సోమర్‌సెట్టులోని ఒక కప్పు తగవు వచ్చెను. ఒక ఇంటి కప్పు ప్రక్కనున్న కుటీరము పడకగదిపైకి వ్యాపించి యుండెను. దానిని వాన కురియకుండ బాగుచేయించుదునని పెద్దయింటి మునుపటి యజమాని మాట యిచ్చి యుండెను. అనంతర యజమాని దానికి కట్టుబడనక్కరలేదనియు, శతాబ్దమునకు పైగా జనులు నమ్మి నడచుకొనిన సూత్రమును మార్చుట పార్లమెంటు పనియే గాని న్యాయస్థానముల పని కాదనియు ప్రభువులు చెప్పిరి. 2002లో కామన్‌హోల్డు అను కొత్త యేర్పాటును చట్టము ప్రసాదించినను, దానిని ఆశ్రయించినవారు చాల కొద్దిమంది. పొరుగుననే యున్న స్కాట్లండులో, చేయుము అను భారమును గూడ భూమి వెంట నడపు పద్ధతి చిరకాలముగా ఉన్నది. ఇంగ్లండు మాత్రము సూత్రమును కదల్పక, చుట్టుదారులనే వెడల్పు చేసికొనెను.

ఆ చుట్టుదారులలో ఒకటి మిక్కిలి ప్రమాదకరమైనది. 1925 నాటి ఆస్తి చట్టములోని 121వ సెక్షను ప్రకారము, రెంట్‌చార్జి 40 దినములు బాకీ పడినచో, దాని స్వామి ఆ ఇంటిని స్వాధీనపరచుకొని రాబడి తీసికొనవచ్చును. లేదా ఆ ఇంటిని ధర్మకర్తల పేర లీజుకు వ్రాసి బాకీ రాబట్టుకొనవచ్చును. వట్టి పుస్తకములోని మాటయే గదా అని అనుకొనుటకు వీలులేదు. 2016లో తీర్పైన ఒక వ్యవహారములో, ఏడాదికి 6 మొదలు 15 పౌనుల వరకు గల పాత రెంట్‌చార్జీలు బాకీ పడినవి. వాని హక్కుదారు ఆ ఇండ్లపై 99 సంవత్సరముల లీజులు వ్రాయించెను. ఆ లీజులను రిజిస్టరు చేయవలసినదేనని ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. బాకీ తీర్చినంతమాత్రమున లీజు తనంత తాను రద్దు కాదు. పది పౌనుల చిల్లర మరచినందున, యావజ్జీవము కూడబెట్టిన సొమ్ముతో కొన్న ఇల్లు అమ్ముటకు వీలులేని స్థితి ఏర్పడగలదు. అప్పులిచ్చు సంస్థలు ఇట్టి షరతున్న ఇంటిపై సొమ్మిచ్చుటకు జంకునది ఇందుచేతనే.

అన్ని సముదాయములలోను రెంట్‌చార్జి ఉండదు. కొన్నింట ప్రతి కొనుగోలుదారుచేతను కంపెనీకి వేరుగా మాట యిప్పించి, అట్టి మాట పుచ్చుకొననిదే తరువాతివాని పేర రిజిస్టరు చేయరాదని హక్కుల రిజిస్టరులో నిబంధన వ్రాయింతురు. అమ్మదలచినవాడు కంపెనీవారి సర్టిఫికెట్టుకొరకు వేచియుండవలెను. దానికి వేరుగా రుసుము. మరికొన్నింట, వసతి అనుభవించువాడు దాని భారమును మోయవలెనను 1957 నాటి తీర్పును ఆశ్రయింతురు. లివర్‌పూలులోని క్రెసింగ్టన్ పార్కు బాటలను, మురుగుకాలువలను వాడుకొనువారు వాని ఖర్చులో పాలు పంచుకొనవలసినదేనని ఆ తీర్పు చెప్పెను. ఈ న్యాయమును ఎవరు కాదనగలరు? బాటపై నడచువాడు బాట ఖర్చు భరించుట ధర్మమే.

చిక్కు రుసుములో లేదు. రుసుము వెనుకనున్న అధికారములో ఉన్నది. ఇంగ్లండులో కౌలుహక్కుతో ఇల్లు కొన్నవారికి, నిర్వహణ రుసుము న్యాయమైనదా కాదా అని ప్రశ్నించు హక్కును 1985 నాటి చట్టము చక్కగా ఏర్పరచెను. సంపూర్ణ స్వామికి అట్టి హక్కు లేదు. అతడు స్వామి గదా, అతనికి రక్షణ ఎందుకని శాసనకర్తలు తలచి యుందురు. అందువలన కౌలుదారునికి గల రక్షణ యజమానికి లేకపోయెను. పనిచేయు కంపెనీని నియమించునది నిర్మాత. లెక్క వ్రాయునది ఆ కంపెనీ. సొమ్ము చెల్లించునది గృహస్థుడు. పని నచ్చకున్నను వేరొకరిని పెట్టుకొనలేడు. పైగా కౌన్సిలు పన్ను అతడును అందరివలెనే చెల్లించుచున్నాడు. ఆ పన్నుతో పొరుగు వీథి బాగుపడును, తన వీథికి మాత్రము మరల చెల్లింపవలెను. సెయింట్ జేమ్సు స్క్వేరు నివాసులు 1726లో సంపాదించుకొనిన అధికారము, తమ చందాను తామే నిర్ణయించుకొను అధికారము, ఈ గృహస్థునకు లేదు.

ఈ స్థితి ఎంతగా వ్యాపించినదో ఆ దేశపు పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నివేదికవలన తెలిసినది. 2021-22లో 11 పెద్ద నిర్మాణ సంస్థలు అమ్మిన కొత్త ఇండ్లలో నూటికి 80 ఇట్టి రుసుములకు లోబడి యున్నవని అందు చెప్పిరి. రుసుము సగటున ఏడాదికి 350 పౌనులు. కాని అనుకొనని పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు వేల పౌనులు మీద పడగలవు. కొత్త సముదాయములలోని ఉమ్మడి వసతులను కౌన్సిలులు తప్పక స్వీకరించునట్లు చేయవలెనని ఆ సంస్థ సలహా యిచ్చెను. 1874లో లెస్టరు స్క్వేరు తోట నేర్పిన పాఠమే యిది.

అదే సంవత్సరము మే 24న లీజుహోల్డు, ఫ్రీహోల్డు సంస్కరణ చట్టమునకు రాజామోదము లభించెను. రుసుము న్యాయమైనదిగా ఉండవలెను. నచ్చనిచో ట్రిబ్యునలులో ప్రశ్నింపవచ్చును. పెద్ద పనులకు ముందుగా గృహస్థులను సంప్రదింపవలెను. నిర్వాహకుడు విఫలుడైనచో వేరొకనిని నియమింపుమని కోరవచ్చును. ఇట్టి హక్కులను ఆ చట్టము ఫ్రీహోల్డు యజమానులకు గూడ ప్రసాదించెను. ఐతే వానిలో చాలభాగము ఆమోదము నాడే అమలునకు రాలేదు. తరువాత చేయు నియమముల ద్వారా అమలుపరుపవలసినవిగా ఉంచిరి. బాకీ పడిన ఇంటిని పట్టుకొను 121వ సెక్షను అధికారమును పాత చిల్లర రెంట్‌చార్జీల విషయమున తొలగించిరి గాని, కొత్త ఎస్టేటు రెంట్‌చార్జీల విషయమున ఆ చట్టము తొలగింపలేదు. మెట్టు ఎక్కినారు, మేడ ఇంకను పైననే ఉన్నది.

మన దేశమునకు ఈ కథతో సంబంధము లేకపోలేదు. 1848 నాటి లెస్టరు స్క్వేరు తీర్పు ఛాయ మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 40వ సెక్షనుపై స్పష్టముగా ఉన్నది. తెలిసి కొన్నవానిని నిషేధ షరతు బంధించుననుట అందలి భావము. మన ఆంధ్ర, తెలంగాణములలో లేఅవుటు ఆమోదము పొందునప్పుడు వీథులను, ఖాళీ జాగాలను స్థానిక సంస్థకు స్వాధీనపరచు పద్ధతి యున్నది. కాని నగరముల అంచులలో ప్రహరీలు, కావలివారు గల విల్లాల సముదాయములు వెలసిన పిదప మనకును నెలనెలా నిర్వహణ రుసుము అలవాటైనది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఇచ్చట ఒక మేలు చేసెను. కొన్నవారి సంఘము ఏర్పడుటకు నిర్మాత తోడ్పడవలెను; ఉమ్మడి జాగాలను ఆ సంఘమునకు దఖలుపరుపవలెను; అంతవరకు న్యాయమైన రుసుముతో తానే నిర్వహింపవలెను. చెల్లించువారి చేతికే అధికారము రావలెనను సూత్రమును ఈ చట్టము గుర్తించినది. ఆచరణలో దానిని నిలుపుకొనుట సంఘ సభ్యుల మెలకువపై ఆధారపడి యున్నది.

ఇంగ్లండులో ఇల్లు కొనదలచిన మనవారు అడుగవలసిన ప్రశ్నలు ఈ చరిత్రనుండియే పుట్టుచున్నవి. వీథులను కౌన్సిలు స్వీకరించునా, లేదా? స్వీకరించునన్నచో 38వ సెక్షను ఒప్పందము వ్రాయబడినదా, నిర్మాత చేతులెత్తివేసినచో పూర్తిచేయుటకు హామీపత్రమున్నదా? రుసుము రెంట్‌చార్జి రూపమున ఉన్నదా? ఉన్నచో 121వ సెక్షను హక్కును వాడనని దస్తావేజులో వ్రాసిరా? మొత్తములో మన వంతును ఎట్లు నిర్ణయింతురు? పాఠశాలయో దుకాణములో అదే బాటను వాడుకొనుచున్నచో వారు చెల్లింతురా? కంపెనీపై గృహస్థులకు ఎప్పుడైనను అధికారము వచ్చునా? మరల అమ్మునప్పుడు సర్టిఫికెట్టుకు ఎంత? బయానా ఇచ్చు ముందే వీనికి జవాబులు వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. నిర్మాత సిఫారసు చేసిన న్యాయవాదితో తృప్తిపడక, తన సొంత న్యాయవాదిచేత దస్తావేజు చదివించుకొనుట మంచిది.

సొంత ఇల్లు అనునది ఎన్నడును గాలిలో నిలువదు. దాని గుమ్మము ఒక బాటపైకి తెరచుకొనును. దాని వాననీరు ఒక కాలువలోనికి పోవును. దాని కిటికీనుండి ఒక తోట కనబడును. ఈ మూడును ఉమ్మడి సొత్తులే. వానికి ఖర్చగును, ఆ ఖర్చును ఎవరో ఒకరు భరింపవలసినదే. ప్రజాసంస్థ భరించినచో పన్నుగా చెల్లింతుము. ఓటు వేసి లెక్క అడుగుదుము. ఇరుగుపొరుగులు కలిసి భరించినచో చందాగా చెల్లింతుము. సమావేశములో లెక్క అడుగుదుము. లెక్క అడుగు వీలులేని చెల్లింపు, దానికి ఎంత కొత్త పేరు పెట్టినను, పాత దొరతనమునకు చెల్లించు కట్టుబడియే. 1290లో మూసిన ఆ తలుపు దొడ్డిదారిన మరల తెరచుకొనకుండ చూచుకొనుట, ఏ దేశమునందైనను, శాసనకర్తలకును గృహస్థులకును సమానమైన బాధ్యత.